టావీ తర్వాత మొదటి నెల: మళ్ళీ అడ్మిట్ అయ్యే పరిస్థితి రాకుండా ఇంట్లో ఎలా చూసుకోవాలి

ఛాతీ కోయకుండా, తొడ మొదట్లో ఉన్న రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే చోట ఉండే వాల్వ్ (అయోర్టిక్ వాల్వ్) మార్చే పద్ధతిని ఆసుపత్రుల్లో టావీ అంటాం. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో డాక్టర్ అలెన్ క్రిబియే మొదటిసారి ఒక మనిషికి ఇలా వాల్వ్ అమర్చారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో ఇది మామూలుగానే జరుగుతోంది. డెబ్బై, ఎనభై దాటినవాళ్ళు కూడా మూడు నాలుగు రోజుల్లో లేచి ఇంటికి వెళ్ళిపోతున్నారు.

అంత త్వరగా ఇంటికి పంపిస్తుంటే ఇంట్లోవాళ్ళకి అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. కుట్లు కూడా పెద్దగా లేవు కదా అంటారు. కానీ ఇంటికి వచ్చింది పాత మనిషే. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, అంతంతమాత్రపు కిడ్నీలు అలాగే ఉన్నాయి. బిగుసుకుపోయిన వాల్వ్‌లోంచి ఏళ్ళ తరబడి రక్తాన్ని నెట్టి నెట్టి మందమైపోయిన గుండె కండరం మెత్తబడడానికి నెలలు పడుతుంది. అమెరికాలో 2013 నాటి ఆసుపత్రి రికార్డులు పరిశీలిస్తే, టావీ చేయించుకున్న ప్రతి వంద మందిలో సుమారు 18 మంది నెల తిరక్కుండానే మళ్ళీ అడ్మిట్ అయ్యారు. అందులో సగానికి పైగా గుండెతో నేరుగా సంబంధం లేని కారణాలే. గుండెకి సంబంధించిన కారణాల్లో మొదటిది ఒంట్లో నీరు చేరి ఆయాసం రావడం. ఆ తర్వాత పరికరాలూ చేసే పద్ధతీ బాగుపడ్డాయి. కానీ వార్డులో మేము చూసే కారణాలు ఇప్పటికీ అవే: ఆయాసం, ఇన్ఫెక్షన్, రక్తస్రావం, నాడి పడిపోవడం, బాత్‌రూమ్‌లో జారిపడడం. వాల్వ్ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం మంచం మీద తిరిగి వస్తారు.

నేను కార్డియాలజీ వార్డులో నర్సుని. డిశ్చార్జ్ రోజు మాకు దొరికే పది పదిహేను నిమిషాల్లో చెప్పలేకపోయే మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో దగ్గరుండి చూసుకునే భార్య, కొడుకు, కోడలు, కూతురు చదవాలని రాస్తున్నాను. మీ డాక్టర్ మీ మనిషిని చూసి వేరేగా చెప్పి ఉంటే, ఆయన మాటే వినండి.

డిశ్చార్జ్ రోజు: కాగితాలు చేతికి వచ్చాకే కదలండి

బిల్లు కట్టే తొందరలో, కారు తెప్పించే తొందరలో డిశ్చార్జ్ సమ్మరీని ఎవరూ చదవరు. ఫైల్లో పెట్టి జిప్ వేసేస్తారు. ఆ రోజు ఇంట్లోవాళ్ళలో ఒకరు ఈ పని మీదే ఉండండి, బిల్లు సంగతి ఇంకొకరు చూసుకుంటారు.

సమ్మరీలో నాలుగు అంకెలు వెతకండి: ఇంటికి వెళ్ళే రోజు బరువు, నాడి, హీమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష). లేకపోతే సిస్టర్‌ని అడిగి పక్కన రాయించుకోండి. పది రోజుల తర్వాత అర్ధరాత్రి మీ ఊరి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళారనుకోండి. అక్కడి డ్యూటీ డాక్టర్‌కి ముందుగా కావాల్సింది, ఈ మనిషి డిశ్చార్జ్ అయినప్పుడు ఎలా ఉన్నారన్నదే. హీమోగ్లోబిన్ ఇప్పుడు 9 ఉంటే, అప్పుడు 9 ఉందా, 12 ఉందా అన్నదాన్నిబట్టి వైద్యం మారిపోతుంది.

చివరిగా తీసిన ఈసీజీ కాపీ ఒకటి అడిగి తీసుకోండి. తీసుకుంటూ ఒక ప్రశ్న వేయండి: “వాల్వ్ వేశాక ఈసీజీలో ఏమైనా మార్పు వచ్చిందా?” గుండెని కొట్టుకునేలా చేసే కరెంటు తీగలాంటి దారి సరిగ్గా ఈ వాల్వ్ కింద నుంచే వెళ్తుంది. కొత్త వాల్వ్ ఫ్రేము దాన్ని కొద్దిగా నొక్కవచ్చు, చుట్టూ వాపు రావచ్చు. ఎక్కువమందికి ఆ ఇబ్బంది ఆసుపత్రిలో ఉండగానే బయటపడుతుంది, అవసరమైతే పేస్‌మేకర్ పెట్టేస్తారు. కొంతమందికి ఇంటికి వెళ్ళిన తర్వాత, రెండు వారాల లోపల కూడా రావచ్చు. ముందునుంచీ ఈసీజీలో ‘రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’ (ఆ కరెంటు దారి కుడి కొమ్మలో అడ్డు) అని ఉన్నవాళ్ళకి ఈ భయం ఎక్కువ. మార్పు వచ్చింది అని చెప్తే, మళ్ళీ ఈసీజీ ఎప్పుడో తేదీ రాయించుకోండి.

వాల్వ్ కార్డు ఇస్తారు. వాల్వ్ పేరు, సైజు, సీరియల్ నంబరు అందులో ఉంటాయి. రెండు వైపులా ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. రేపు ఎప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే ముందు అడిగేది అదే.

చివరగా ఫోన్ నంబరు. రిసెప్షన్ నంబరు రాత్రి రెండింటికి అక్కరకు రాదు. కార్డియాలజీ డ్యూటీ డాక్టర్ గానీ ఐసీయూ గానీ ఎత్తే నంబరు తీసుకుని, అక్కడే నిలబడి ఒకసారి కలిపి చూడండి.

ఇంటికి రాగానే: పాత మందుల సంచి బోర్లించండి

నా లెక్కన ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. దీనికి ఒక గంట పడుతుంది.

ప్రతి ఇంట్లో ఒక సంచో, స్వీటు డబ్బానో, ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ బుట్టో ఉంటుంది. అందులో మూడేళ్ళ మందులు ఉంటాయి. అన్నీ మంచం మీద పోసి, డిశ్చార్జ్ చీటీ పక్కన పెట్టుకుని, స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. చిక్కంతా అక్కడే ఉంది. ఉదాహరణకి, కొత్త చీటీలో ఎకోస్ప్రిన్ ఏవీ అని రాశారు. ఇంట్లో పాత ఎకోస్ప్రిన్ 75, అటోర్వాస్టాటిన్ విడివిడిగా ఉన్నాయి. పెద్దాయన ఎప్పటిలా అవీ వేసుకుంటారు, కొత్తదీ వేసుకుంటారు. కానీ ఎకోస్ప్రిన్ ఏవీ అంటేనే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ కలిసిన మాత్ర. రెండూ డబుల్ అయిపోయాయి. పేరు చివర ఏ, ఏవీ, హెచ్, ఏఎం లాంటి అక్షరాలు కనిపిస్తే అందులో రెండో మందు కలిసి ఉందేమో చూడండి. టెల్మా హెచ్‌లో బీపీ మందుతో పాటు నీరు తీసే మందు కూడా ఉంటుంది.

రక్తం పలుచబడే మందుల దగ్గర మరీ జాగ్రత్త. వాల్వ్ వేసినవాళ్ళందరికీ రెండు రకాలు వాడడం ఒకప్పుడు అలవాటు. ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్ళలో రక్తస్రావం తగ్గిందని 2020లో యూరప్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో తేలాక చాలామందికి ఒక్కటే రాస్తున్నారు. ఈమధ్యే స్టెంట్ వేసినవాళ్ళకి, గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ళకి లెక్క వేరు. కాబట్టి పక్కింటాయనకి రెండు రాశారు, మనకి ఒకటే రాశారేంటి అని సొంతంగా ఒకటి కలపొద్దు. అలాగే ముక్కులోంచి కాస్త రక్తం కనిపించిందని, పన్ను పీకించుకోవాలని ఉన్న ఒక్కదాన్నీ ఆపొద్దు. ఫోన్ చేసి అడగండి.

నాడిని నెమ్మది చేసే మందులు ఇంకో చిక్కు. వాల్వ్ వేశాక నాడి తక్కువగా ఉందని డాక్టర్ మెటోప్రొలాల్ ఆపేస్తారు. కొత్త చీటీలో అది ఉండదు, అంతే. ‘ఆపాము’ అని పెద్దక్షరాల్లో ఎవరూ రాయరు. ఇంట్లోనేమో, “పాతవి ఆపమని చెప్పలేదుగా” అని రోజూ వేస్తూనే ఉంటారు. కొత్త చీటీలో లేని ప్రతి పాత మందు గురించీ అడగండి. షుగరు, థైరాయిడ్ మందులు రాయడం మర్చిపోయి ఉండొచ్చు, గుండె మందు కావాలనే ఆపి ఉండొచ్చు. ఆపేసినవాటిని సంచిలోంచి తీసి పారేయండి. దాచిపెడితే ఎవరో ఒకరు మళ్ళీ వేస్తారు.

మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఈ ఇంట్లోకి రానివ్వకండి. అవి ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తం కారేలా చేస్తాయి. వాల్వ్ వేసేటప్పుడు రక్తనాళాలు ఎక్స్‌రేలో కనిపించడానికి ఎక్కించిన రంగు మందుతో కిడ్నీలు ముందే అలిసి ఉంటాయి. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, ఎంతవరకు అన్నది డాక్టర్‌ని అడగండి. షాపతను “ఇది గుండెకి ఏం కాదండీ” అన్నా సరే, స్ట్రిప్ మీద పేరు చదివాకే తీసుకోండి.

గజ్జలో గాయం

మొదటి వారం రోజూ ఒకసారి వెలుతురులో చూడండి. అమ్మ సిగ్గుపడితే కూతురో కోడలో చూడాలి, “బాగానే ఉందమ్మా” అన్న మాటతో వదిలేయొద్దు. చుట్టూ కమిలి నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి, మచ్చ తొడ కిందికి జారడం మామూలే. గుండ్రంగా గడ్డ పెరుగుతున్నా, చెయ్యి పెడితే అది నాడిలా కొట్టుకుంటున్నా, నొప్పి రోజురోజుకీ ఎక్కువవుతున్నా, ఎర్రబడి చీము కారుతున్నా ఆ రోజే చూపించండి. కాలు చల్లబడి తిమ్మిరెక్కితే ఎమర్జెన్సీ.

ఉన్నట్టుండి రక్తం వస్తే వెల్లకిలా పడుకోబెట్టండి. శుభ్రమైన గుడ్డ మడిచి, గాయానికి కొంచెం పైన అరచేత్తో గట్టిగా నొక్కండి. పావుగంట పాటు తీసి చూడకూడదు. మధ్యలో తీసి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

పసుపు, కొబ్బరినూనె, ఏ పౌడరూ పెట్టొద్దు. స్నానానికి డాక్టర్ ఒప్పుకున్నాక నీళ్ళు పోసుకుని మెత్తటి గుడ్డతో అద్దండి. వారం పది రోజులు నీళ్ళ బకెట్, గ్యాస్ సిలిండర్, మనవడు, ఏవీ ఎత్తకూడదు. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, కింద కూర్చునే మరుగుదొడ్డి కొన్నాళ్ళు మానాలి. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే, కుర్చీకి రంధ్రం ఉండే కమోడ్ చైర్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, డిశ్చార్జ్‌కి ముందే తెచ్చిపెట్టండి. మలబద్ధకం ఉంటే ముక్కకుండా విరేచనం మందు అడగండి.

రోజూ పొద్దున: బరువు, నాడి, బీపీ, జ్వరం

ఒక నోటుబుక్ కొనండి. వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య పోతుంది, డాక్టర్‌కి చూపించాల్సిన రోజు దొరకదు. పేజీకి గీతలు కొట్టి తేదీ, బరువు, నాడి, బీపీ, జ్వరం అని గళ్ళు వేయండి. చివరి గడిలో ‘ఎలా ఉంది’ అని ఒక మాట: రాత్రి నిద్ర పట్టిందా, దిండ్లు ఎన్ని పెట్టుకున్నారు, కాళ్ళు వాచాయా.

బరువు: లేచి, మూత్రానికి వెళ్ళొచ్చి, కాఫీ కంటే ముందు, రోజూ ఒకే రకం బట్టల్లో చూడాలి. మిషన్ చదునైన గచ్చు మీద ఉండాలి. ఒక్క రోజులో కిలో, కిలోన్నర పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అది తిండితో వచ్చిన బరువు కాదు. మూడు రోజుల్లో అంత కండ పట్టదు, అది నీరు. కాళ్ళ వాపు, ఆయాసం కనిపించడానికి ముందే మిషన్ మీద తెలిసిపోతుంది. ఈ దశలో ఫోన్ చేస్తే నీరు తీసే మాత్ర కొంచెం మార్చి ఇంట్లోనే సర్దేస్తారు. ఇంకో మూడు రోజులు చూద్దాంలే అనుకుంటే ఐసీయూ దాకా పోతుంది. తేడా అంతా ఆ మూడు రోజుల్లోనే ఉంది, అందుకే ఇంతగా చెప్తున్నాను.

నాడి: కాసేపు కూర్చోబెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ రెండు వేళ్ళు పెట్టి, గోడ గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లయ తప్పడం తెలియదు. 50 కంటే తక్కువ ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు 110 దాటినా, మధ్యమధ్యలో ఆగి ఆగి కొట్టుకుంటున్నా అదే రోజు ఫోన్ చేయండి. నాడి తక్కువై కళ్ళు తిరుగుతున్నా, క్షణం పాటు స్పృహ తప్పినా డాక్టర్‌కి ఫోన్లతో ఆలస్యం చేయొద్దు, 108 పిలిచి తీసుకుని వెళ్ళండి. “ఎండకి కళ్ళు తిరిగాయిలే, మజ్జిగ తాగు” అనుకునేది ఇక్కడే. మామూలు మనిషి విషయంలో ఆ మాట సరిపోతుంది, వాల్వ్ వేయించుకున్న నెలలో సరిపోదు.

బీపీ: బిగుసుకుపోయిన వాల్వ్ అడ్డు తొలగిపోయింది కాబట్టి కొంతమందికి ముందుకంటే పెరుగుతుంది. ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టర్‌ని అడిగి నోటుబుక్ అట్ట మీద రాసుకోండి.

ఉప్పు, నీళ్ళు, సెలైన్

రోజుకి ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక టీస్పూను, అన్నిటిలో కలిపి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పే హద్దే ఇది. మన వంటకి ఇది కష్టమే, ఒప్పుకుంటాను. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ వేస్తే తగ్గినట్టు కాదు. గోంగూర పచ్చడి, చల్లమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, బయట తెచ్చే మిక్స్చరు, ఇవన్నీ ఉప్పే. ఈ నెల పచ్చడి జాడీ భోజనాల బల్ల మీద ఉండకపోతే మంచిది, ఎదురుగా ఉంటే చెయ్యి ఆగదు. నిమ్మరసం, చింతపండు, అల్లం, మిరియాలు, కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడితో రుచి తేవచ్చు. రోటి పచ్చడి అప్పటికప్పుడు చేసి ఉప్పు సగం వేస్తే అన్నంలోకి లోటు తెలియదు.

ఉప్పుకి బదులుగా అమ్మే ‘లో సోడియం’ ఉప్పు డాక్టర్‌ని అడక్కుండా కొనొద్దు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్, స్పైరొనొలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళకి, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి పొటాషియం పెరిగి గుండె లయే దెబ్బతింటుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు తెచ్చే కొబ్బరిబోండాలతోనూ అదే సంగతి.

నీళ్ళు ఎంత తాగాలన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. హద్దు చెప్పినవాళ్ళు పొద్దున్నే ఆ కొలత సీసాలో పోసుకుని, కాఫీ, మజ్జిగ, చారు కూడా అందులో లెక్కేసుకోవాలి. హద్దు చెప్పనివాళ్ళు సొంతంగా నీళ్ళు మానేయొద్దు, ఎండాకాలంలో అది ఇంకో ప్రమాదం.

నీరు తీసే మాత్ర పొద్దున వేయండి. రాత్రి వేస్తే నాలుగుసార్లు లేస్తారు, లేచినప్పుడు పడతారు. బస్సు ప్రయాణం ఉందని, పెళ్ళికి వెళ్తున్నామని ఆ పూట మానేసేవాళ్ళు చాలామంది. మానకుండా సమయం ఎలా జరపాలో అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం ఆ మాత్ర వేయాలా వద్దా అని ఫోన్ చేసి కనుక్కోండి.

ఇప్పుడు సెలైన్ సంగతి. ఇంటికొచ్చిన వారం పది రోజులకి పెద్దవాళ్ళు నీరసం నీరసం అంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి “ఒక సీసా ఎక్కిస్తే లేచి కూర్చుంటారు” అంటాడు. అతను చెడ్డ ఉద్దేశంతో చెప్పడు, ఊరంతటికీ అర్ధరాత్రి పలికేది అతనే. కానీ ఒక సీసా సెలైన్‌లో అర లీటరు నీళ్ళతో పాటు నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. మీరు రోజంతా లెక్కపెట్టి తగ్గించిన ఉప్పు గంటలో నేరుగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. మందమైన గుండె దాన్ని మోయలేదు, ఆ రాత్రికే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నీరసం ఉంటే కారణం వెతకాలి: నాడి తగ్గిందా, హీమోగ్లోబిన్ పడిందా, జ్వరం లోపల ఉందా, షుగరు పడిందా. మీ ఊరి ఆర్‌ఎంపీకి డిశ్చార్జ్ కాగితం ముందే చూపించండి. “ఏ సూదీ, ఏ సీసా మమ్మల్ని అడక్కుండా వద్దు బాబూ” అని చెప్పి ఉంచండి. చాలామంది వింటారు.

జ్వరం వస్తే మొదట చేయకూడనిది

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, వణుకు ఉంటే ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేయకండి. షాపులో అడిగి ఐదు రోజుల కోర్సు తెచ్చుకోకండి. కొత్త వాల్వ్ మీద సూక్ష్మజీవులు చేరే జబ్బు అరుదు, కానీ వస్తే ప్రాణాంతకం. అది కాదని తేల్చుకోవాలంటే యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవి ఉందేమో చూసే పరీక్ష) తీయాలి. రెండు మాత్రలు పడ్డా కల్చర్‌లో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. అప్పుడు ఏ మందుతో కొట్టాలో తెలియక వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తుంది. అందుకే జ్వరం వస్తే పారాసిటమాల్ ఇచ్చి, ఫోన్ చేసి, కల్చర్ తీసే సౌకర్యం ఉన్నచోటికి వెళ్ళండి. వెళ్ళగానే “వాల్వ్ వేశారు” అన్న మాట ముందు చెప్పండి. మనం చెప్పకపోతే గాయం కనిపించని ఈ మనిషికి గుండె పని జరిగిందని ఎవరికీ తెలియదు.

చాలా జ్వరాలకి కారణం చిన్నదే అయివుంటుంది. ఆసుపత్రిలో మూత్రపు గొట్టం వేశారు కాబట్టి మూత్రంలో మంట ఉందేమో అడగండి. దగ్గు, కఫం ఉంటే నిమోనియా కావచ్చు. ఫ్లూ, నిమోనియా టీకాలు ఎప్పుడు వేయించాలో మొదటి చెకప్‌లోనే అడగండి.

పళ్ళు కూడా ఇందులో భాగమే. రోజూ రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోముకోవాలి, కట్టుడు పళ్ళు రాత్రి తీసి కడగాలి. పన్ను పీకించినా, రూట్ కెనాల్ చేసినా, చిగుళ్ళ దాకా క్లీనింగ్ చేసినా ముందు ఒక డోసు యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఇది ఈ నెలకే పరిమితం కాదు, జీవితాంతం. పళ్ళ డాక్టర్‌కి వాల్వ్ కార్డు చూపించండి.

లేవడం, నడవడం

పడుకున్న మనిషి ఒక్కసారిగా లేవకూడదు. మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, తర్వాత పట్టుకుని నిలబడాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు, బాత్‌రూమ్‌లో గోడకి పట్టుకునే కడ్డీ, జారని రబ్బరు పట్టా పెట్టించండి. రక్తం పలుచబడే మందు మీద ఉన్న మనిషి పడి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా స్కానింగ్ చేయించాలి.

నడక ఇంట్లోనే ఐదు నిమిషాలతో, రోజుకి మూడు నాలుగుసార్లు మొదలుపెట్టి మెల్లగా పెంచండి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుంది. మంచానికి అతుక్కుపోయిన పెద్దవాళ్ళకి వారంలోనే కాళ్ళలో బలం పోతుంది, కఫం పేరుకుంటుంది.

కొందరికి మొదటి రాత్రుల్లో తికమక వస్తుంది. ఎక్కడున్నారో తెలియదు, లేని మనిషిని పిలుస్తారు. కోప్పడొద్దు. కళ్ళజోడు, వినికిడి మిషన్ పెట్టి, లైటు వేసి, తెలిసిన గొంతుతో మాట్లాడండి. రోజులు గడిచినా తగ్గకపోతే, లేదా హఠాత్తుగా మొదలైతే డాక్టర్‌కి చెప్పండి.

చుట్టాలు, అమెరికా ఫోన్లు

పరామర్శకి వచ్చేవాళ్ళని రెండు వారాలు ఆగమనండి. జలుబు ఉన్నవాళ్ళని అసలు రావద్దనండి, నేను అలా చెప్పమన్నానని చెప్పండి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు టెన్షన్‌తో రోజుకి ఐదుసార్లు ఫోన్ చేస్తాడు, తప్పులేదు. అతనికి రోజూ నోటుబుక్ పేజీ ఫోటో పంపండి. కానీ మందు మార్చాలా, ఆసుపత్రికి వెళ్ళాలా అన్నది దగ్గరున్న ఒక్కరే డాక్టర్‌తో మాట్లాడి తేల్చాలి. నలుగురు నాలుగు దేశాల నుంచి చర్చించుకునేలోపు ఇక్కడ తెల్లారిపోతుంది.

వెంటనే 108 ఎప్పుడు

మూతి పక్కకి లాగడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, మాట తడబడడం, ఉన్నట్టుండి చూపు పోవడం. వాల్వ్ వేశాక మొదటి రోజుల్లో పక్షవాతం భయం ఉంటుంది. గడ్డని కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అది పనికిరానివాళ్ళకి వేరే దారులూ ఉన్నాయి. కాబట్టి ఆ లక్షణం మొదలైన టైము రాసుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి. నాటు మందు, మసాజు అంటూ దారి మళ్ళొద్దు.

కూర్చున్నా తగ్గని ఆయాసం, పడుకోలేక లేచి కూర్చోవడం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఆగని రక్తం. వీటిలో ఏది వచ్చినా 108కే. ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అని సోడా తాగించి కూర్చోవద్దు.

తారు లాంటి నల్లటి విరేచనం అయితే ఆ రోజే చూపించండి. ఐరన్ మాత్రలతో కూడా నల్లగానే అవుతుంది, కానీ ఈ వాల్వ్ జబ్బు ఉన్నవాళ్ళలో పేగుల్లోంచి రక్తం కారడం తరచుగా చూస్తాం. హీమోగ్లోబిన్ చూస్తే తెలిసిపోతుంది.

మళ్ళీ అడ్మిట్ చేయాల్సి వస్తుందేమో, డబ్బు ఖర్చవుతుందేమో, పిల్లలకి ఇబ్బందేమో అని ఆయాసాన్ని దాచిపెట్టే పెద్దవాళ్ళు ఉన్నారు. రాత్రి కుర్చీలో కూర్చుని నిద్రపోతూ పొద్దున “బాగానే ఉన్నాను” అంటారు. అందుకే దిండ్ల లెక్క రాయమన్నాను. రెండు దిండ్లు మూడయ్యాయంటే వాళ్ళు చెప్పకపోయినా మనకి తెలుస్తుంది. అవసరమైన రోజు ఆసుపత్రికి తిరిగి రావడం ఓటమి కాదని వాళ్ళకి చెప్పండి. తొందరగా వస్తే రెండు రోజుల్లో పంపేస్తాం.

గోడ క్యాలెండర్ మీద రాయాల్సిన తేదీలు

మొదటి చెకప్ వారం, రెండు వారాల లోపల ఉంటుంది. బాగానే ఉన్నారు కదా అని మానేసేది ఇదే. నాడి పడిపోవడం, నీరు చేరడం పట్టుబడేది కూడా ఇక్కడే. ఆ రోజు ఈసీజీ, హీమోగ్లోబిన్, క్రియాటినిన్, పొటాషియం చూడమని మీరే అడగండి. నోటుబుక్, మందుల సంచి మొత్తం, డిశ్చార్జ్ ఫైలు తీసుకెళ్ళండి, మందుల పేర్లు నోటితో చెప్పడం మీద ఆధారపడొద్దు.

నెల తిరిగాక ఎకో (గుండె స్కానింగ్) తీస్తారు. వాల్వ్ ఎంత బాగా తెరుచుకుంటోందో చెప్పే ఆ అంకెలే ఇకపై ప్రతి ఏడాదీ పోల్చి చూసే ఆధారం. ఆ రిపోర్టు ఫోటో వాల్వ్ కార్డు ఫోటో పక్కనే దాచండి, ఏడాది తర్వాత ఎకో తేదీ కూడా ఆ రోజే క్యాలెండర్‌లో రాసేయండి.